బాలింత గదికి పంపిన వేడి

అమెరికాలోని అల్ఫారెట్టాలో పది తెలుగు ఇళ్ల హీటర్లు నా చేతుల మీదుగా బాగుపడ్డాయి. కంపెనీ వ్యానులో వచ్చి, నడుముకి పదిహేను పనిముట్లు వేలాడేసుకున్నవాళ్లు తేల్చలేనిది నేను ఒక స్క్రూడ్రైవరుతో, గిన్నెలు తోమే పీచు ముక్కతో తేల్చేశాను. ముప్పై ఏళ్లు చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ ముందు నిలబడ్డవాడికి ఇంటి కింద ఉండే రేకుపెట్టె ఒక లెక్కా?

ఈ మాటలు ఇక్కడ చాలా ఇళ్లలో, చాలా భోజనాల దగ్గర చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఇళ్ల సంఖ్య ఒకటి పెరిగింది. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి తగ్గించుకుంటూ వస్తాను. రాతలో ఇదే ఇబ్బంది. ఎదుటివాడి మొహం కనిపించదు, ఎంతవరకు నమ్ముతున్నాడో తెలియదు.

అమ్మాయి కాన్పు కోసం నేనూ మా ఆవిడా ఇక్కడికి వచ్చాం. డిసెంబరులో పాప పుట్టింది. అల్లుడు హైదరాబాదువాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గొంతు పెంచడం తెలియనివాడు. వాళ్లు కొనుక్కున్న ఇల్లు కాస్త పాతది. కింద బేస్‌మెంట్‌లో గ్యాస్ హీటర్ ఉంటుంది. అది గ్యాస్ మండించి, గాలిని వేడి చేసి, గొట్టాల గుండా గదులన్నిటికీ పంపుతుంది. ప్రతి గదిలోనూ నేల మీద ఒక చిన్న ఇనుప జాలీ ఉంటుంది, వేడిగాలి అందులోంచి వస్తుంది. నడవాలో గోడకి ఇంకో పెద్ద జాలీ ఉంది. ఇంట్లో చల్లబడిన గాలిని హీటరు మళ్లీ అందులోంచి లోపలికి లాక్కుంటుంది. ఈ రెండో జాలీ పని నాకు అప్పట్లో తెలియదు. తెలియదని ఎవరికీ చెప్పలేదు కూడా.

పాపకి పదో రోజున హీటరు మొండికేసింది.

"మామయ్యా, ఆన్ అయితది, మళ్ల ఆగిపోతది. టెక్నీషియన్ ఎల్లుండి దాకా రాడంట" అన్నాడు అల్లుడు.

"ఎల్లుండి దాకా పసిగుడ్డు చలిలో ఉంటుందా? పద, నేను చూస్తాను."

కిందికి దిగి పెట్టె తలుపు ఊడదీశాం. బటన్ నొక్కితే మంట భగ్గుమని లేచింది. నాలుగైదు క్షణాలకి ఠక్కున ఆరిపోయింది. మళ్లీ లేచింది, మళ్లీ ఆరింది. నేను చెవి ఒగ్గి, కళ్లు మూసుకుని, "ఊఁ, దీని జబ్బు తెలిసింది" అన్నాను. తెలియలేదు. అల్లుడు మాత్రం చేతిలో ఫోనులో వెతుకుతూనే ఉన్నాడు. ఒక వీడియోలో బట్టతల దొర ఒకడు సరిగ్గా ఇదే జబ్బు చూపించాడు. మంట వెలిగిందో లేదో కనిపెట్టే వేలంత కడ్డీ ఒకటి ఉంటుందట. దాని మీద తెల్లటి పొర పేరుకుంటే, మంట ఉన్నా లేదనుకుని యంత్రం గ్యాస్ ఆపేస్తుందట. ఒక్క స్క్రూ తీసి, కడ్డీని నెమ్మదిగా రుద్ది, మళ్లీ పెడితే చాలు.

స్విచ్ ఆపింది అల్లుడు. టార్చ్ పట్టింది అల్లుడు. వీడియో వెతికింది అల్లుడు. స్క్రూ తిప్పింది నేను. వంటింట్లోంచి పీచు ముక్క తెచ్చి రుద్దింది కూడా నేనే. ఈసారి మంట లేచి నిలబడింది. పైన గదిలోంచి మా ఆవిడ కేక వేసింది, వేడి వస్తోందని.

"బాయిలర్ ఎక్స్‌పీరియన్స్ అంటే ఇది మామయ్యా" అన్నాడు అల్లుడు.

కాదనాల్సిన చోటు అదే. చొక్కాకి చేతులు తుడుచుకుంటూ నవ్వి ఊరుకున్నాను.

రెండు రోజులకే నా పేరు పాకింది. అల్లుడి స్నేహితుడు ఒకడు ఫోన్ చేసి, "అంకుల్, మా హీటర్ అసలు ఆన్ అవ్వట్లేదు, కొంచెం చూస్తారా?" అన్నాడు. వెళ్లాను. వాళ్లింటికి ఊరినుంచి వచ్చిన పెద్దావిడ ఉంది. మనిళ్లలో గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు స్విచ్చులన్నీ ఆపేసే అలవాటు కదా. హీటరు పక్క గోడకి ఉండే స్విచ్ అచ్చం లైటు స్విచ్‌లాగే ఉంటుంది. బేస్‌మెంట్‌లో నిల్వ పెట్టిన బియ్యం తీసుకుని పైకి వస్తూ ఆవిడ దాన్ని కూడా ఆపేసింది. నేను ఒక పావుగంట పెట్టె చుట్టూ తిరిగి, అక్కడా ఇక్కడా తట్టి, చివరికి ఎవరూ చూడకుండా ఆ స్విచ్ వేశాను. అంకుల్‌కి కాఫీ, జంతికలు, పొగడ్తలు. పది ఇళ్లు అన్నాను కదా, లెక్క ఇక్కడితో అయిపోయింది. రెండిళ్లు.

ఇక్కడినుంచి నవ్వడానికి పెద్దగా ఏమీ లేదు.

బాలింతకీ బిడ్డకీ చలిగాలి తగలకూడదని మా ఆవిడ పట్టుదల. అమ్మాయి చెవుల్లో దూది, తలకి స్కార్ఫు, కాళ్లకి మేజోళ్లు. గది దాటి రాకూడదు, కిటికీ తీయకూడదు. అమ్మాయి అమెరికాలో పదేళ్లు ఉన్న మనిషి, అయినా తల్లి ముందు నోరెత్తలేదు. "అమ్మా, ఉడికిపోతున్నా" అంటే, "మూడో నెల దాకా ఉడకాల్సిందే, తర్వాత నీ ఇష్టం" అనేది మా ఆవిడ.

నడవాలోని పెద్ద జాలీ సరిగ్గా ఆ గది గుమ్మం పక్కన ఉంది. హీటరు నడిచినప్పుడల్లా తలుపు కింద సందులోంచి సన్నగా గాలి లాగేది. ఆ గాలి తన కాళ్లకి తగులుతోందని మా ఆవిడ నాతో అంది. నేను వెంటనే ఒక డైపర్ల అట్టపెట్టెని విప్పి, పరిచి, ఆ జాలీకి అడ్డంగా టేపు వేసి అంటించాను. అంతటితో ఆగితే బాగుండేది. వాడని గదుల్లోకి వేడి పోవడం దండగ అనిపించింది. నేల మీది జాలీల రెక్కలు అన్ని గదుల్లోనూ మూసేశాను. ఒక్క బాలింత గదిలో మాత్రం తెరిచి ఉంచాను. ఇంటి వేడంతా ఒక్క గదికి చేరేట్టు ఏర్పాటు చేశానని మీసం దువ్వుకున్నాను. నాకు మీసం లేదు, అది వేరే సంగతి.

అదే నడవా గోడకి తెల్లటి గుండ్రటి అలారం ఒకటుంది. పొగ వచ్చినా, వాసన లేని విషపుగాలి వచ్చినా అది అరుస్తుందని అల్లుడు మొదటిరోజే చెప్పాడు. పాపకి నీళ్లు పోశాక మా ఆవిడ సాంబ్రాణి వేసేది. రోజూ ఆ అలారం కూత పెట్టేది, పాప ఉలిక్కిపడి ఏడ్చేది. ఒకరోజు కుర్చీ వేసుకుని ఎక్కి, దాని వెనక తలుపు తీసి, రెండు బ్యాటరీలూ లాగేశాను. ఆ సాయంత్రం టీవీ రిమోట్ పని చేయకపోతే ఆ బ్యాటరీలు అందులో వేశాను. మళ్లీ పెట్టాలనుకున్నాను. మర్చిపోయాను.

తర్వాత నాలుగు రోజులకి హీటరు కొత్త వేషం వేసింది. మంట బాగానే నిలబడుతుంది. కొంతసేపు నడిచి, మధ్యలో ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ మొదలవుతుంది. తలుపుకి ఉన్న చిన్న అద్దంలోంచి చూస్తే ఒక ఎర్రదీపం లెక్కపెట్టినట్టు మిణుకుతోంది. నాలుగుసార్లు మిణికి, ఆగి, మళ్లీ నాలుగు. తలుపు లోపలివైపు పట్టిక అంటించి ఉంది. నాలుగుకి ఎదురుగా, వేడి హద్దు దాటింది, గాలి రాకపోకలు చూడండి అని రాసుంది. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు. వేడి హద్దు దాటింది అన్న ముక్క దగ్గరే ఆగిపోయాను. వేడి ఎక్కువైతే మంచిదే కదా, మనకి కావలసింది అదే కదా అనుకున్నాను.

"టెక్నీషియన్‌ని పిలుద్దామా మామయ్యా? ఎందుకో నాకు మంచిగ అనిపిస్తలేదు" అన్నాడు అల్లుడు. రేపటికి అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాడు.

"అది భయపడుతోందయ్యా, అంతే. మా బాయిలర్ కూడా ఇలాగే అలిగేది. ఓసారి ఆపి మళ్లీ వేస్తే దారికొస్తుంది."

నిజంగానే ఆపి వేస్తే నడిచేది. కాసేపటికి మళ్లీ ఆగేది. రోజుకి అయిదారుసార్లు కిందికి దిగి ఆపి వేసేవాణ్ణి. యంత్రం తనని తాను కాపాడుకోవడానికి ఆగుతోందని, నేను ప్రతిసారీ దాని చెంప మీద కొట్టి లేపుతున్నానని నాకు తోచలేదు.

అమ్మాయికి తలనొప్పి మొదలైంది. పొద్దున లేస్తూనే తల బరువు, కడుపులో తిప్పడం. "చెవిలో దూది తీసేసి ఉంటావు, గాలి పట్టింది" అంది మా ఆవిడ. ఇంట్లో వేడి ఎంతుండాలో చెప్పే థర్మోస్టాట్‌ని ఫారెన్‌హీట్ లెక్కలో డెబ్బై రెండు నుంచి డెబ్బై ఎనిమిదికి పెంచాను. తలనొప్పి పెరిగింది. నుదుటికి శొంఠి రాశాం. మర్నాడు మా ఆవిడ కూడా తల పట్టుకుంది. నిద్ర చాలక అనుకున్నాం. పాప మామూలుకన్నా ఎక్కువ పడుకుంటోంది, పాలకి లేవడం లేదు. "గది వెచ్చగా ఉంది, హాయిగా పడుకుంటోంది తల్లి" అన్నాను. ఆ మాట అన్న నోరు నాదే. దాన్ని మాత్రం ఎక్కువ చేసి చెప్పడం లేదు, తక్కువ చేసి కూడా చెప్పడం లేదు.

నేను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వీధిలో నడకకి వెళ్లేవాణ్ణి. అల్లుడు ఆఫీస్‌కి వెళ్లేవాడు. మా ఇద్దరికీ ఏమీ కాలేదు.

పాపకి నెల చెకప్ రోజున అందరం కారులో క్లినిక్‌కి వెళ్లాం. బయటికి రావడమే మంచిదైంది. దారిలో అమ్మాయి కిటికీ అద్దం ఒక వేలెడు దించి, "నాన్నా, వింతగా ఉంది, హెడేక్ తగ్గిపోతోంది" అంది. మా ఆవిడ ఆ అద్దం ఎత్తించబోయింది.

నర్సు నడివయసు మనిషి, పాపని తూచి, చూసి, ఎంతసేపు పడుకుంటోందని అడిగింది. తర్వాత అమ్మాయి మొహం చూసి, నీకెలా ఉందంది. అమ్మాయి తలనొప్పి సంగతి చెప్పింది. ఇంటి బయటికి వస్తే తగ్గుతోందని కూడా చెప్పింది. నర్సు రాయడం ఆపేసింది.

"ఇంట్లో ఇంకెవరికైనా తలనొప్పి ఉందా?" అని అడిగింది.

మా ఆవిడ నెమ్మదిగా చెయ్యెత్తింది.

"మీ హీటర్ గ్యాస్‌దా? ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా?"

"ఉంది. వర్క్ చేస్తోంది" అంది అమ్మాయి. అని నావైపు చూసింది.

"అందులో బ్యాటరీలు లేవు" అన్నాను నేను.

నర్సు కలం కింద పెట్టి, ఎవరూ ఇంటికి వెళ్లొద్దని, ముందు అమ్మనీ బిడ్డనీ పెద్దావిడనీ ఎమర్జెన్సీకి తీసుకెళ్లమని, ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేయమని గబగబా చెప్పింది. అల్లుడు చేతిలో ఫోన్ పట్టుకుని, నంబరు నొక్కడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. తొమ్మిది, ఒకటి, ఒకటి. మూడంకెలు.

ఆసుపత్రిలో అమ్మాయికీ మా ఆవిడకీ ముక్కూ నోరూ కప్పుతూ ఆక్సిజన్ మాస్కులు పెట్టారు. పాప మడమ గుచ్చి రక్తం తీశారు. నెల బిడ్డ మడమ నా బొటనవేలి గోరంత ఉంటుంది. గుచ్చితే ఏడుస్తుందా లేదా అని చూస్తూ నిలబడ్డాను. ఏడవకపోతే ఏం చేయాలో నాకు తెలియదు. ఏడ్చింది. గట్టిగానే ఏడ్చింది. అంత మంచి శబ్దం నేను ఈ దేశంలో వినలేదు.

ఫలితాలు వచ్చేలోగా మా ఆవిడ తన మాస్క్ పక్కకి లాగి నాతో ఒక్క మాట అంది. "సాంబ్రాణి నేను మానేసేదాన్ని కదండీ. చెప్పొచ్చుగా."

విషపుగాలి అమ్మాయి రక్తంలో బాగా ఎక్కింది, పాపలో తక్కువ. సమయానికే వచ్చారు, ప్రాణవాయువు ఇస్తే దిగిపోతుంది అన్నాడు డాక్టరు. ఇంకో రెండు రోజులు ఆ గదిలోనే ఉండి ఉంటే అని అల్లుడు అడగబోయాడు. డాక్టరు ఆ ప్రశ్నని చేత్తోనే ఆపేశాడు.

వాళ్లని అక్కడ ఉంచి అల్లుడూ నేనూ ఇంటికి వచ్చాం. ఫైర్ ఇంజన్ వాకిట్లో ఉంది. మాస్కులు వేసుకున్న ఇద్దరు మీటర్లతో లోపలికి వెళ్లి, బయటికి వచ్చి, కిటికీలన్నీ తీసేసి, గ్యాస్ కట్టేశారు. హీటరుకి ఒక ఎర్ర చీటీ కట్టారు, నడపకూడదని. చుట్టుపక్కలవాళ్లు వాకిళ్లలో నిలబడి చూస్తున్నారు. హీటర్ అంకుల్‌ని కూడా చూశారు.

మర్నాడు టెక్నీషియన్ వచ్చాడు. లావుపాటి మనిషి, మోకాళ్ల మీద కూర్చుంటే మూలిగాడు. పెట్టె లోపలికి సన్నటి కెమెరా దింపి, ఫోన్ తెరమీద చూపించాడు. మంటకీ మనం పీల్చే గాలికీ మధ్య ఒక రేకు గోడ ఉంటుంది. పొగంతా దాని లోపలినుంచే బయటి గొట్టంలోకి వెళ్లిపోవాలి. ఆ గోడమీద వెంట్రుకంత బీట, జానెడు పొడవున. అందులోంచే పొగలోని విషం గదుల్లోకి వస్తోంది.

"ఎందుకు బీటలు వారింది?" అన్నాడు అల్లుడు.

టెక్నీషియన్ పైకి వచ్చి ఇల్లంతా తిరిగాడు. ఒక్కో గదిలో వంగి మూసి ఉన్న జాలీ చూశాడు. చివరికి నడవాలో అట్టముక్క ముందు నిలబడి, టేపు అంచు గోరుతో లేపాడు.

"ఈ పని ఎవరిది?"

నేను చెయ్యెత్తాను, మా ఆవిడ క్లినిక్‌లో ఎత్తినట్టు.

అతను కోప్పడలేదు. యంత్రం ఎంత గాలి పంపుతుందో అంత గాలి పీల్చుకోవాలి, దాని ముక్కూ మూసి నోరూ మూస్తే లోపలి ఇనుము ఉడికిపోతుంది అన్నాడు. పాత ఇనుమే, ఎప్పుడో ఒకప్పుడు పగిలేదే, కానీ దీంతో తొందరపడింది అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. బీటలోంచి వచ్చిందంతా తెరిచి ఉన్న ఆ ఒక్క గదికే చేరింది.

ఎప్పుడో ఒకప్పుడు పగిలేదే అన్న ముక్కని నేను చాలా రోజులు పట్టుకు వేలాడాను. దానికి అంత బరువు మోసే బలం లేదు.

అతను వెళ్లాక, ఆ చల్లటి ఇంట్లో కోట్లు వేసుకుని మెట్ల మీద కూర్చున్నాం. అల్లుడు ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"బాయిలర్‌ల కూడా ఇట్లనే ఉంటదా మామయ్యా, ఈ రేకు గోడ?"

"నాకు తెలియదయ్యా. నేను బాయిలర్ నడపలేదు. స్టోర్స్‌లో గుమాస్తాని. బాయిలర్‌వాళ్లు చీటీ ఇస్తే నట్లూ బోల్టులూ గ్యాస్కెట్లూ తీసి ఇచ్చేవాణ్ణి. ముప్పై ఏళ్లూ అదే. పెళ్లిచూపుల రోజున మీ నాన్నగారు అడిగితే బాయిలర్ సెక్షన్ అన్నాను. అంతకుముందు నుంచీ అందరితో అలాగే చెప్పేవాణ్ణి."

అతను కోటు జేబులోంచి ఫోను తీసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

"టెక్నీషియన్ అపాయింట్‌మెంట్ నేను క్యాన్సిల్ చేసిన మామయ్యా. రేపు వస్తా అన్నోణ్ణి వద్దన్న. మీరు చెప్పిన్రని."

తిట్టినా బాగుండేది.

కొత్త హీటరు బిగించేదాకా నాలుగు రోజులు స్నేహితుల ఇంట్లో ఉన్నాం, పెద్దావిడ స్విచ్ ఆపేసిన ఆ ఇంట్లోనే. అమ్మాయి తేరుకుంది. పాప ఆకలికి ముందే లేచి ఇల్లు ఎగరగొడుతోంది. మా ఆవిడ చెవిలో దూది సంగతి మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు నడవాలో ఒకటి, గదిలో ఒకటి, బేస్‌మెంట్‌లో ఒకటి, మూడు అలారాలు ఉన్నాయి. వారానికోసారి బటన్ నొక్కి అరిపించి చూసే పని నాకు ఇవ్వలేదు, అల్లుడే చూసుకుంటున్నాడు.

ఇదంతా రాసి, నిన్న మధ్యాహ్నం అమ్మాయికి చదివి వినిపించాను. పాప దాని ఒళ్లో ఉంది. పది ఇళ్లు రెండైన చోట కొంచెం నవ్వింది. స్టోర్స్ గుమాస్తా దగ్గర, "అది నాకు చిన్నప్పుడే తెలుసు నాన్నా, అమ్మ చెప్పింది" అంది. క్లినిక్ దగ్గరికి వచ్చేసరికి పాప వైపు చూస్తూ విన్నది. చదవడం అయిపోయాక, ఎలా ఉందని అడిగాను.

"వెనక్కి వెళ్లు. బ్యాటరీల దగ్గరికి. ఏం రాశావు?"

చదివాను. "మళ్లీ పెట్టాలనుకున్నాను. మర్చిపోయాను."

"మర్చిపోలేదు నాన్నా. నేను టూ టైమ్స్ అడిగాను, బ్యాటరీలు పెట్టావా అని. రెండుసార్లూ పెట్టేశానన్నావు. రెండోసారి అడిగినప్పుడు రిమోట్ నీ చేతిలోనే ఉంది. దాన్ని మర్చిపోవడం అనరు, అబద్ధం అంటారు. అది రాయి."